పిల్లిచెవి ముడి

చెత్త సంచీ మూతి కట్టి ఉంది.

మడతక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక చెప్పు విప్పింది, రెండోది కాలికే ఉంది. పొద్దున తను వెళ్ళేటప్పుడు ఆ సంచీ మూతి బార్లా తెరిచి ఉంది. ఉల్లిపొట్టూ, మరిగిన టీ పొడీ, పగిలిన సబ్బుపెట్టే అందులో పడేసి, బస్సు వేళైందని పరుగెత్తింది. మెట్లు దిగుతూ "సాయంత్రానికి కంపు కొట్టి చస్తుంది" అని తనను తానే తిట్టుకుంది కూడా. తిట్టుకున్న సంగతి మనిషి మరిచిపోడు.

వంగి చూసింది. సంచీ చెవులు రెండు చుట్లు తిప్పి, కొసను కింది నుంచి లాగి, మళ్ళీ ముడి నడుములోకే దోపి, ఒక్క చెవి మాత్రం బయటికి వదిలారు. పిల్లి చెవిలా నిక్కబొడుచుకున్న ఆ కొసను చూడగానే ఆమె పళ్ళు జివ్వుమన్నాయి.

ఆ ముడి ఆమె పళ్ళకు తెలుసు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమె పని. మాసిన దుప్పట్లు మూటలు మూటలుగా వస్తాయి. ఎవరు కట్టిన మూటైనా ఒక్క గుంజుకు ఊడిపోతుంది. కానీ రోజూ ఆ గుట్టలో కొన్ని మూటలుంటాయి, పిల్లిచెవి ముడితో. మేడ మీంచి కిందికి విసిరినా విడిపోవు. గోళ్ళు విరుగుతాయి తప్ప ముడి వదలదు. చివరికి మడతక్కే నోటితో పట్టి లాగుతుంది, ఆ కొసను ఏ పక్కకు లాగాలో ఆమెకొక్కదానికే తెలుసు గనక. ఆ ముడి వేసే మహాతల్లి ఎవరో లాండ్రీలో ఎవరూ చూడలేదు. ముడులమ్మ అని పేరు పెట్టి, రోజుకొకసారి ఆమె వంశాన్ని తిట్టుకుంటారు.

ఆ ముడి ఇప్పుడు ఇంటికొచ్చింది.

మడతక్క రెండో చెప్పు విప్పి లోపలికొచ్చింది. ఒక గది, గోడవారన వంటగట్టు, మూలన బాత్రూము. అంతే ఇల్లు. గదిలో మంచం. మంచం ఎదురుగా గోడ అల్మారా, దానికి తాళం. "ఓనరుగారి పాత సామాను, తియ్యకండి" అని భవనం చూసుకునే తాళాలాయన మొదటిరోజే చెప్పాడు. తలుపుకు లోపల గడియ లేదు. ఉండాల్సిన చోట నాలుగు మేకు చిల్లులు మాత్రం ఉన్నాయి. అడిగినప్పుడల్లా "రేపు చూద్దామమ్మా" అంటాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

మంచం పక్కన స్టూలు మీద నీళ్ళ గ్లాసు ఉంది, మూత పెట్టి. అది రోజూ ఉండేదే. రాత్రి పెట్టుకుని తాగడం మరిచిపోతున్నానని ఆమె అనుకుంటుంది, సాయంత్రం రాగానే గటగటా తాగేస్తుంది. ఇవాళ మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసింది. దువ్వెన తీసుకుంది. పళ్ళ మధ్య ఒక తెల్ల వెంట్రుక, మూరెడు పొడుగు. తన జడలోంచి ఒక పోగు లాగి పక్కన పెట్టి కొలిచింది. తనది పొట్టి.

పేదవాడి ఇంట్లో ఏది మారినా ముందు పేదవాడి మతిమరుపునే అనుమానిస్తారు. పేదవాడు కూడా దాన్నే అనుమానిస్తాడు. ఇంకొకర్ని అనుమానించడానికి తీరిక ఉండాలి కదా. మడతక్క కూడా ఇన్నాళ్ళూ తన బుర్రనే తిట్టుకుంది. తువ్వాలు తడిగా ఉంటే ఆరలేదనుకుంది. బాత్రూము నేల చెమ్మగా ఉంటే గొట్టం కారుతోందనుకుంది. దిండు వెచ్చగా ఉంటే కిటికీలోంచి ఎండ పడిందనుకుంది. కిటికీ ఉన్నది ఉత్తరం వైపు.

కానీ ముడి మతిమరుపు కాదు. మతిమరుపుకు అంత ఓపిక ఉండదు.

*

"ముడులమ్మ మా ఇంటికొచ్చింది వదినా."

మర్నాడు లాండ్రీలో వేడి రోలరు అవతల దుప్పటి రెండో కొస పట్టుకున్న ఆవిడతో చెప్పింది. ఆవిడ చుట్టమేం కాదు. కానీ ఏళ్ళ తరబడి ఒకే దుప్పటికి చెరో కొసా పట్టుకున్న ఆడవాళ్ళు ఏదో ఒక వరస కలుపుకోక తప్పదు.

"వస్తే ఏం పెట్టావు? టీ ఇచ్చావా, చీపురు తిరగేశావా?"

"నవ్వకు. చెత్త సంచీకి ముడేసి పోయింది."

"చెత్త కట్టిపెట్టే దెయ్యమా? నాలుగు రోజులు మా ఇంటికి పంపు. మా ఆయన్ని పట్టుకోమను, ఆ వంకతోనైనా మంచం దిగుతాడు."

పట్టు, దులుపు, కలుపు. దుప్పటి టప్పుమంది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి కొసలు కలిపారు. ఆవిడ వేళ్ళకు మడతక్క వేళ్ళు చల్లగా తగిలాయి.

"నిన్న రాత్రి నిద్రపోయావా?" ఈసారి ఆవిడ నవ్వలేదు.

"కుర్చీ తలుపుకు అడ్డం పెట్టి పడుకున్నా."

"ఆ ఇంట్లో నీకు ముందు ఎవరుండేవాళ్ళో అడిగావా?"

"ఎందుకు?"

"ఏం లేదు. ఊరికే."

ఊరికే అన్న మాటంత చెడ్డ మాట ఇంకొకటి లేదు. మడతక్క ఆ మాటనే నములుతూ మూటల దగ్గరికి వెళ్ళింది. గుట్టలో పిల్లిచెవి మూట ఒకటి పైనే ఉంది. నోరు పెట్టబోయి ఆగింది. ముడిని వేళ్ళతో తడిమింది. తన ఇంటి సంచీకి ఉన్నదీ ఇదే. అదే లాగుడు, అదే దోపుడు. ఇది ఒక మనిషి చెయ్యి. దెయ్యానికి చేతి అలవాటు ఉంటుందా?

అప్పుడే బాయిలరు గదిలో పెద్ద చప్పుడైంది. ఆవిరి గొట్టం పగిలింది. తెల్లటి ఆవిరి తలుపు కింది నుంచి పాకి, కాళ్ళ మధ్యకొచ్చి, నడుముల దాకా లేచింది. బాయిలరు మామ దగ్గుతూ బయటికొచ్చి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఎవరికీ ఏం కాలేదు. దానికే ప్రాణం పోయింది. ఇవాళ్టికి ఇళ్ళకి పోండి తల్లుల్లారా."

*

పగటిపూట తన ఇల్లు ఎలా ఉంటుందో మడతక్క ఎప్పుడూ చూడలేదు. ఆ భవనంలో ఎవరూ చూడలేదు. పగలు పనికెళ్ళేవాళ్ళకే అక్కడ ఇల్లిస్తారు. పిల్లలు, ముసలివాళ్ళు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళు ఉంటే ఇవ్వరు. వారానికొక సెలవు అందరికీ ఒకేరోజు, ఆ పేటంతా అంతే. మధ్యలో ఎవరైనా ఇంట్లో ఉండాలనుకుంటే ముందురోజే చెప్పాలని తాళాలాయన నియమం. "గ్యాసు భద్రతమ్మా, మీ మంచికే" అంటాడు. ఎంత బాధ్యత గల మనిషో అని ఆమె నలుగురికీ చెప్పింది కూడా.

ఇవాళ ముందు చెప్పలేదు. గొట్టం ముందు చెప్పి పగలదు కదా.

కింద తాళాలాయన గది మూసి ఉంది, భోజనానికి వెళ్ళినట్టున్నాడు. వెనక మెట్ల దగ్గర ఎప్పుడూ ఉండే ఎర్ర బకెట్ బోర్లించి ఉంది. మడతక్క ముందు మెట్లెక్కింది. మిట్టమధ్యాహ్నం. వసారాలో దీపం లేదు, ఆ చివర కిటికీలోంచి పడే వెలుతురు సగం దాకా వచ్చి చచ్చిపోయింది. వరసగా మూసిన తలుపులు. అందరూ పనుల్లో ఉన్నారు. భవనం ఖాళీ.

ఖాళీ భవనం ఊపిరి తీసుకుంటోంది.

మొదట తన ఊపిరే అనుకుంది, మెట్లెక్కి వచ్చింది గనక. ఊపిరి బిగబట్టింది. అది ఆగలేదు. ఎదుటి ఫ్లాటు బస్సు డ్రైవరుది. అతను పొద్దున చీకటితో వెళ్తే సాయంత్రానికి గానీ రాడు. ఆ తలుపు వెనక ఎవరో సన్నగా గురక పెడుతున్నారు. పక్క ఫ్లాటులో దగ్గు, ఆపైన మంచం కిర్రుమనడం. ఆ పక్క తలుపు వెనక నిద్రలో ఎవరో రెండు మాటలు గొణిగి ఊరుకున్నారు. వసారా పొడుగునా, ప్రతి తలుపు వెనకా, నిద్ర. నీళ్ళ కింద నీళ్ళు కదిలినట్టు.

మడతక్క తన తలుపుకు చెవి ఆనించింది. లోపల ఇద్దరు ఊపిరి తీసుకుంటున్నారు.

పారిపోవచ్చు. కానీ ఎక్కడికి పారిపోతుంది? మనిషి భయపడితే పరుగెత్తేది ఇంటికే కదా. తాళం తిప్పింది.

కిటికీకి తన పాత చీర అడ్డం కట్టి ఉంది. అల్మారా తెరిచి ఉంది. లోపల ఎవరివో చీరలు, ఒక గిన్నె, కళ్ళజోడు పెట్టె. మేకుకు ఆసుపత్రి ఆయా తొడుక్కునే నీలం కోటు వేలాడుతోంది. మంచం మీద గోడవైపు తిరిగి ఒక ఆడమనిషి పడుకుంది, మడతక్క దుప్పటిని సొంత దుప్పటిలా మెడ దాకా కప్పుకుని. ఆమె కాళ్ళ దగ్గర ముడుచుకుని ఒక ముసలామె. ముసలామె తెల్ల జడ మంచం మీంచి నేలకు జారింది.

ముసలామె కళ్ళు తెరిచింది. ఉలిక్కిపడలేదు. గుమ్మంలో నిలబడ్డ మడతక్కను పైనుంచి కింది దాకా చూసింది.

"వచ్చావా తల్లీ," అంది మెల్లగా, పడుకున్నామె లేవకుండా. "ఇవాళ పగలే వచ్చావే. నీళ్ళింకా పెట్టలేదు. పోయేటప్పుడు పెడదామనుకున్నా. దాహంగా ఉందా?"

మడతక్కకు వెనక గోడకు వీపు తగిలితే గానీ తను వెనక్కి నడిచానని తెలియలేదు.

రెండో ఆమె లేచింది. చేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, నిద్ర కళ్ళతోనే, ఆసుపత్రి వార్డులో చుట్టాలతో మాట్లాడే గొంతుతో అడిగింది.

"ఎవరు కావాలండీ?"

తన ఇంట్లో, తన మంచం మీంచి, తనను.

"ఇది నా ఇల్లు. మీరెవరు?"

"మీదేంటి? పోయిన వేసవి నుంచీ మేముంటున్నాం. తాళాలాయన్ని అడగండి."

"ఆ మంచం ఎవరిదో తెలుసా?"

"పోయినావిడది."

"ఎవరు పోయారు?"

ఆయా చెయ్యి దుప్పటి మీద ఆగిపోయింది. ముసలామె చెప్పింది, దాచాల్సిందేముందన్నట్టు.

"నువ్వే తల్లీ."

"అత్తయ్యా, మీరాగండి."

"ఎందుకాగాలే? తనకు తెలియదా ఏంటి? రోజూ గ్లాసు ఖాళీ చేసిపోతోంది." ముసలామె మంచం దిగి దగ్గరికొచ్చింది. "నిద్రలోనే పోయావంట. మంచి చావు అన్నాడు. అన్న ఏదో దేశంలో ఉన్నాడు, వచ్చి సామాన్లు తీసుకెళ్తాడు, అప్పటిదాకా ముట్టుకోవద్దన్నాడు. నేనొక్క గిన్నె కూడా ఎంగిలి చేయలేదు. దువ్వెన ఒక్కటే వాడా, అది తప్పే." చెయ్యి చాపి మడతక్క మణికట్టు పట్టుకుంది. గట్టిగా గిల్లింది. మడతక్క చెయ్యి లాక్కుంది.

ముసలామె కోడలి వైపు తిరిగింది. మొదటిసారి ఆమె మొహంలో భయం కనిపించింది.

"వెచ్చగా ఉందే," అంది. "ఇది బతికే ఉంది కోడలా. ఇప్పుడేం చేద్దాం?"

దెయ్యం కాదని తెలిశాకే ఆ ఇద్దరూ భయపడ్డారు. ఆయా మంచం మీంచి గబగబా దిగి, దుప్పటి దులిపి, మడత పెట్టడం మొదలుపెట్టింది. ఒంటరిగా దుప్పటి మడవడం కష్టం, చెయ్యి చాలదు. రెండో కొస నేలను రాసుకుంటూ ఉంటే మడతక్క చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. ఆపుకుంది. పిడికిళ్ళు బిగించింది.

"రోజూ చెత్త వేస్తున్నానే, ఉల్లిపొట్టు వేస్తున్నానే. చచ్చినావిడ ఉల్లిపాయలు తరుగుతుందా? మీకు అనుమానం రాలేదా?"

ఆయా దుప్పటి గుండెకు అదుముకుని నిలబడింది.

"వచ్చిందండీ. రాకేం? పొయ్యి గట్టు వెచ్చగా ఉంటే, సబ్బు అరిగిపోతుంటే తెలియదా? అడిగితే ఇల్లు పోతుంది. మీరు పోయారనుకుంటే ఇల్లుంటుంది. దెయ్యంతో కాపురం చేయొచ్చండీ, వీధిలో చేయలేం." దుప్పటి మంచం మీద పెట్టి అంది, "మరి మీకు? మీకు అనుమానం రాలేదా?"

మడతక్క ఉత్తరం కిటికీ వైపు చూసింది. వెచ్చటి దిండు గుర్తొచ్చింది.

"ఆ ముడి," అంది చివరికి. "చెత్త సంచీకి ఎందుకు కట్టావు?"

"ముట్టుకోవద్దన్నాడు, నిజమే. కానీ మూట మూతి తెరిచి కనబడితే నా చెయ్యి ఊరుకోదండీ. రాత్రంతా వార్డులో అదే పని. చెయ్యి చేసింది, నేను కాదు."

ఏళ్ళుగా తిట్టిన మనిషి ఎదురుగా నిలబడితే తిట్టు రాదు. "నా ముందుపన్ను వదులైంది నీ మూలాన," అనాలనుకుంది మడతక్క. అనలేదు. "ఈ ఇంట్లోంచి పొండి" అని మాత్రం అని, మెట్లు దిగి వచ్చేసింది.

*

తాళాలాయన గదిలో గోడ నిండా మేకులు, మేకు మేకుకూ రెండు తాళంచెవులు. రెండోది అవసరానికని ఇన్నాళ్ళూ అనుకుంది.

"పెందలాడే వచ్చేశారేంటమ్మా? ముందు చెప్పాల్సింది."

"నేను చచ్చిపోయానంట కదా."

అతను నవ్వలేదు, కంగారూ పడలేదు. చేతిలో ఉన్న తాళాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. తుప్పు ఎక్కడుందో చూసుకుంటూ, నూనె చుక్క వేసి, మళ్ళీ తుడిచాడు.

"కూర్చోండమ్మా. నిలబడి మాట్లాడితే కోపం పెరుగుతుంది. మంచం పగలంతా ఊరికే ఉంటుంది కదా. మీకు తెలియకుండా, మీకు నష్టం లేకుండా నడిచింది. నడిచిందా లేదా?"

"నన్ను చంపి నడిపావు."

"మాటవరసకమ్మా. బతికున్నవాళ్ళ మంచం అంటే ఎవరు పడుకుంటారు? గొడవలొస్తాయి. పోయినవాళ్ళతో గొడవుండదు." తాళం పక్కన పెట్టాడు. "సరే, మీ మనసుకు కష్టమైంది. రేపు మధ్యాహ్నానికల్లా వాళ్ళను ఖాళీ చేయిస్తా. మీ తలుపుకు గడియ పెట్టిస్తా. అల్మారా కూడా మీరే వాడుకోండి. మీరు మాత్రం ఈ మాట పక్కింట్లో అనకండి. అన్నారనుకోండి, భవనం మూసేస్తారు. మీరూ వీధిలోనే, వాళ్ళూ వీధిలోనే. ఎవరికి లాభం?"

అంత మెత్తగా మాట్లాడే మనిషిని ఏం చేయాలి? అరిస్తే తిరిగి అరవొచ్చు. మెత్తటి మాట దూది లాంటిది, దాన్ని గుద్దితే చెయ్యే లోపలికి పోతుంది. మడతక్క తలూపి బయటికొచ్చింది. అడిగింది దొరికింది. మరి గెలిచిన మనిషి కాళ్ళు అంత బరువెందుకో ఆమెకు అర్థం కాలేదు.

వెంటనే పైకెళ్ళడానికి మొహం చెల్లలేదు. వీధుల్లో తిరిగి తిరిగి, రోజూ వచ్చే వేళకే వచ్చింది. వాళ్ళు లేరు. అల్మారాకు మళ్ళీ తాళం. దుప్పటి వార్డు పద్ధతిలో, నాలుగు మూలలూ పరుపు కిందికి దోపి, ముడత లేకుండా ఉంది. దువ్వెన కడిగి ఉంది. స్టూలు మీద గ్లాసు, నిండా నీళ్ళు, పైన మూత.

ఇన్నాళ్ళూ దెయ్యానికి పెట్టిన నీళ్ళు. పొమ్మన్న మనిషికి కూడా పెట్టి వెళ్ళింది ముసలామె. ఈ వేళకు ఆమె ఏ ఆసుపత్రి వసారాలోనో ఎవరికో చుట్టంలా నటిస్తూ బల్ల మీద కూర్చుని ఉంటుంది, కోడలి పని అయ్యేదాకా.

మడతక్క ఆ నీళ్ళు తాగలేదు. మంచం మీద పడుకుంది. పరుపులో గుంట ఉంది. అది తన నడుము గుంట అనుకునేది. ఇప్పుడు జరిగి చూసింది, గోడవైపు ఇంకొకటి, కాళ్ళ దగ్గర చిన్నది మరొకటి. మూడు గుంటల మధ్య ఎత్తు మీద నిద్ర పట్టక పడుకుంది. రేపటి నుంచి గడియ ఉంటుంది. గడియ వేసుకుని హాయిగా...

లేచి కూర్చుంది.

గడియ లోపల ఉన్నవాళ్ళే వేసుకుంటారు. పగలు తను లోపల ఉండదు. తను పనికి వెళ్ళాక ఆ గడియ ఎవరి కోసం? ఇంకొక ముసలామె, ఇంకొక కోడలు. ఈసారి వాళ్ళకు ఏం చెబుతాడు, తను ఎలా చచ్చిందని చెబుతాడు? ఈసారి ముడి తెలిసిన మనిషిని తేడు. చెత్త ముట్టని వాళ్ళను తెస్తాడు. తను మళ్ళీ వెచ్చటి దిండు మీద తల పెట్టి, ఎండ పడింది అనుకుంటుంది.

బతికున్న మనిషిని చంపి, ఆ చావును అద్దెకిచ్చినవాడు, ఊరట కింద నాలుగు మేకులు ఇస్తానన్నాడు. తను తలూపింది.

మూత తీసి నీళ్ళు తాగింది.

*

పొద్దున ఎప్పటిలాగే చెప్పులేసుకుని దిగింది. "పనికేనామ్మా?" అన్నాడు తాళాలాయన. "పనికే," అంది. వీధి మలుపు దాకా వెళ్ళి, సందు తిరిగి, వెనక మెట్ల దగ్గరికొచ్చి గోడ పక్కన నిలబడింది. కాసేపటికి తాళాలాయన వచ్చి ఎర్ర బకెట్‌ను బోర్లించి వెళ్ళాడు. ఆ తరవాత వాళ్ళు రావడం మొదలైంది. ఒకరొకరే, మాట లేకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని. ఒకడి చొక్కా నిండా పిండి. ఒకడి వేళ్ళకు పత్రిక అచ్చు సిరా. ఒకడు కాపలావాడి టోపీ చంకలో పెట్టుకున్నాడు. పగటివాళ్ళు దిగిన భవనంలోకి రాత్రివాళ్ళు ఎక్కుతున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. చూసుకోకూడదని వాళ్ళకూ నియమమే.

ఆయా, ముసలామె చివర వచ్చారు. మడతక్కను చూసి ముసలామె ఆగింది.

"మూటలు కట్టుకోవడానికే వచ్చాం తల్లీ. కోడలు కడితే రెండు నిమిషాలు."

"మూట కాదు కట్టాల్సింది," అంది మడతక్క. "రండి. ఆ బకెట్ ఏంటి?"

"బోర్లించి ఉంటే పైకి రావాలి. నిలబెట్టి ఉంటే రాకూడదు, ఉన్నవాళ్ళు దిగిపోవాలి. పురుగుల మందు కొట్టేరోజు నిలబెడతాడు, వారానికోసారి."

"మందు కాదు. అది నా సెలవురోజు."

ముగ్గురూ కలిసి వసారాలో మొదటి తలుపు తట్టారు. బస్సు డ్రైవరు ఫ్లాటు. సిరా వేళ్ళ మనిషి తలుపు సందులోంచి చూశాడు.

"ఈ ఇంట్లో ఉండే ఆయన ఏమయ్యాడని చెప్పారు మీకు?"

"పోయాడని. మేడ మీంచి జారి."

"నిన్న సాయంత్రం మెట్ల మీద నా కాలు తొక్కి, తిరిగి నన్నే తిట్టాడు."

ఆ మనిషి చాలాసేపు ఆమెనే చూశాడు. తరవాత వెనక్కి తిరిగి, గూట్లో ఉన్న గడ్డం గీసుకునే బ్రష్షు వైపు చూశాడు. "రోజూ తడిగా ఉంటుంది," అన్నాడు. "నేను చూడనట్టు ఉంటాను."

ప్రతి తలుపు వెనకా ఒక చావుంది. పిండి చొక్కా అతను పడుకునే ఇంటాయన గుండె ఆగి పోయాడు. కాపలావాడి ఇంట్లో దంపతులు బస్సు బోల్తాపడి పోయారు. భవనంలో పగటి మనుషులందరూ చచ్చినవాళ్ళే. రోజూ సాయంత్రం కూరగాయల సంచులతో మెట్లెక్కి వస్తున్నారు.

మధ్యాహ్నం తాళాలాయన ఇద్దరు మనుషుల్ని, కొత్త గడియను వెంటబెట్టుకుని వచ్చాడు. తాళం తిప్పాడు. తాళం తిరిగింది. తలుపు రాలేదు. తోశాడు, బెత్తెడు సందు వచ్చి ఆగింది. లోపలి పిడికి, కిటికీ ఊచకు మధ్య మెలితిప్పిన దుప్పటి బిగించి ఉంది. మధ్యలో ముడి. సందులోంచి ఒక కొస మాత్రం కనిపిస్తోంది, పిల్లి చెవిలా.

"ఎవరు కావాలండీ?" లోపలి నుంచి మడతక్క గొంతు.

"నేనమ్మా. తలుపు తియ్యండి. మీరు పనిలో ఉండాలి కదా."

"ఎవరు కావాలి?"

"ఆ ఇద్దరూ మీతో ఉన్నారా? అమ్మా, నిన్న మాటిచ్చారు."

"నిన్న మాటిచ్చినావిడ పోయిందండీ," అంది లోపలి నుంచి ముసలామె. "నిద్రలోనే పోయింది. మంచి చావు."

ఆ ఇద్దరు మనుషుల్లో ఒకడికి నవ్వొచ్చింది. రెండోవాడు చెయ్యి సందులో పెట్టి ముడి పట్టి గుంజాడు. బిగుసుకుంది. మళ్ళీ గుంజాడు. ఇంకా బిగుసుకుంది.

వెనక తలుపు కిర్రుమంది. తరవాత ఇంకొకటి. తాళాలాయన తిరిగి చూశాడు. వసారా పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. లుంగీల మీద, నలిగిన బట్టల్లో, నిద్ర చాలని ఎర్ర కళ్ళతో మనుషులు గుమ్మాల్లో నిలబడ్డారు. అతన్నే చూస్తున్నారు.

అతను గడియను జేబులో వేసుకున్నాడు. మెత్తగానే అన్నాడు.

"సరే. సాయంత్రం ఇంటివాళ్ళొస్తారు కదా. వాళ్ళ మంచాల మీద మిమ్మల్ని చూసి వాళ్ళే తంతారు. నాకెందుకు శ్రమ?"

అతను అన్నది అబద్ధం కాదు. ఆ మాట విన్న ప్రతివాడికీ అది తెలుసు. అతని బలమంతా అదే, కింద గదిలో ఉన్న తాళాలు కాదు.

*

సాయంత్రం తాళాలాయన బకెట్‌ను నిలబెట్టడానికి వెళితే, దాని మీద ముసలామె కూర్చుని ఉంది.

"లే ముసలీ."

"బాగుంది నాయనా. ఎత్తు సరిపోయింది."

ఎవరూ కిందికి దిగలేదు. రాత్రి పనులకు వేళవుతున్నా దిగలేదు. తాళాలాయన తన ఇద్దరు మనుషులతో ముందు మెట్లెక్కి, వసారా చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తమాషా చూసేవాడిలా.

మొదట వచ్చింది బస్సు డ్రైవరు. ఆ అంతస్తులో అతనంత ముక్కోపి ఇంకొకడు లేడు. వసారాలో ఇంతమందిని చూసి కళ్ళు చిట్లించాడు. తన తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో సిరా వేళ్ళ మనిషి, చేతిలో మూత పెట్టిన గ్లాసుతో.

"ఎవడ్రా నువ్వు?"

మడతక్క ఎదుటి గుమ్మం నుంచి చూస్తోంది. పక్కన ఆయా చీర కొంగును వేళ్ళకు చుట్టి, తిప్పి, దోపి, విప్పి, మళ్ళీ చుడుతోంది. ఇప్పుడు అతను చెయ్యెత్తితే అయిపోయినట్టే. ఒక్క దెబ్బ పడితే ప్రతి తలుపు దగ్గరా పడుతుంది.

"పగలు మీ మంచం మీద పడుకునేవాణ్ణి," అన్నాడు సిరా వేళ్ళ మనిషి. గ్లాసు ముందుకు చాపాడు. "చాలాకాలంగా. మీరు పోయారని చెప్పి ఇచ్చారు."

డ్రైవరు సంచీ కింద పెట్టాడు. గదిలోకి తొంగి చూశాడు. మంచం, గూట్లో బ్రష్షు, తాళం తీసి తెరిచిన అల్మారా, అందులో ఇంకొకరి చొక్కాలు. దేన్ని చూసినా అతని మొహంలో ఆశ్చర్యం లేదు. ఎప్పటి నుంచో తెలిసిన దాన్ని ఇప్పుడు లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

"ఆ బొంత," అన్నాడు మెల్లగా. "చలికాలంలో నా మంచం మీద కొత్తగా ఒక బొంత కనిపించింది."

"నాదే. పొద్దున మంచం మరీ చల్లగా ఉండేది. ఎవరికోసమైనా ఉంటుందని వదిలేశా."

డ్రైవరు గ్లాసు తీసుకున్నాడు. మూత తీశాడు. ఆ వసారాలో అతను నీళ్ళు మింగుతున్న చప్పుడొక్కటే వినిపించింది. మూత మళ్ళీ పెట్టి, గ్లాసు తిరిగిచ్చి, నడుచుకుంటూ వసారా చివరికి వెళ్ళాడు. తాళాలాయన ఎదురుగా నిలబడ్డాడు. చెయ్యెత్తలేదు. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని ఉన్నవాడిలా అడిగాడు.

"నేనెలా పోయానయ్యా?"

తాళాలాయన నోరు తెరిచాడు. ఎప్పుడూ సిద్ధంగా ఉండే మెత్తటి మాట ఈసారి రాలేదు. పక్కనున్న ఇద్దరూ అతనికి కాస్త ఎడంగా జరిగారు.

కింద మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. అలసిన చెప్పులు, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ. ఇంకొకరు ఇంటికి వస్తున్నారు, తాము చచ్చిపోయామని తెలియకుండా. మడతక్క లోపలికెళ్ళి గ్లాసులో నీళ్ళు నింపి, మూత పెట్టి తెచ్చింది.